జయనగర్‌లో హాయిగా నడుస్తాం, సర్జాపుర రోడ్డులో నడవలేం. ఎందుకు? ఊళ్ళు ఎలా పెరుగుతాయో చెప్పండి

నెల్లూరు_టు_సర్జాపుర
అందరికీ నమస్తే. నేనుండేది బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కన, పనిమీద తరచూ జయనగర్ వెళ్తుంటా. అక్కడ ఏ సందులో దూరినా ఇంకో రోడ్డులో తేలతాం, రెండు మలుపులు తిరిగితే పార్కు తగుల్తుంది, కూరగాయలు నడిచెళ్ళి తెచ్చుకోవచ్చు. మా వైపు బిల్డింగులన్నీ కొత్తవే, జీతాలూ ఎక్కువే, కానీ పాల ప్యాకెట్ కోసం రోడ్డెక్కాలంటే పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ట్యాంకర్ల పక్కన బురదలో నడవాలి. డబ్బున్న చోటే ఇలా ఎందుకుంది? ఊళ్ళు అసలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి, ప్లానింగ్ అంటే ఎవరు ఏం గీస్తారు, ఇవన్నీ మొదట్నుంచి తెలుసుకోవాలనుంది. తెలిసినవాళ్ళు తీరిగ్గా రాయండి, ఎంత పొడుగున్నా చదువుతా.

గీతలు_కొలతలు
తమ్ముడూ, నేను లేఅవుట్ డ్రాయింగులు వేసే ఆఫీసులో పనిచేస్తా, నాకు తెలిసింది చెప్తా. నీ ప్రశ్నకి అసలు జవాబు ఒకటే. జయనగర్‌లో రోడ్డు ముందొచ్చింది, ఇల్లు తర్వాతొచ్చింది. మీ వైపు ఇల్లు ముందొచ్చేసింది, రోడ్డు ఇప్పుడు దాని వెనకాల పడుతోంది, డ్రైనేజీ అయితే చాలా చోట్ల ఇంకా రానేలేదు.

జయనగర్ 1948లో మొదలైంది. దానికి కొంచెం ముందు, 1945లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు అని ఒకటి పెట్టారు, 1976లో దాని చోట్లోనే బీడీఏ, అంటే బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ వచ్చింది. వాళ్ళ పద్ధతి ఏంటంటే పొలాలన్నీ ఒకే ముక్కగా తీసుకోవడం, ముందు పెద్ద రోడ్లు, వాటి మధ్యలో చిన్న రోడ్లు, వాన నీళ్ళు పోయే దారి, పార్కు, స్కూలు, మార్కెట్టు, బస్టాండు, వీటన్నిటికీ జాగాలు వదిలిపెట్టి, మిగిలింది సైట్లుగా కోసి అమ్మడం. మొదటి ఇంటికి పునాది తీసేనాటికే పదో క్రాసు, అంటే పదో అడ్డరోడ్డు, ఎక్కడ పోతుందో నేలమీద రాళ్ళు పాతి ఉంటాయి.

సర్జాపుర వైపు ఒక రైతుకి మూడెకరాలు, పక్కాయనకి ఐదెకరాలు, ఎవరి ముక్క వాళ్ళు ఒక్కో బిల్డరుకి ఇచ్చుకున్నారు. ప్రతి బిల్డరూ తన కాంపౌండు లోపల రోడ్డు చక్కగానే వేశాడు, టైల్స్, దీపాలు, చెట్లు అన్నీ పెట్టాడు. కానీ ఆ రోడ్డు తన గోడ దగ్గర ఆగిపోతుంది, పక్క లేఅవుట్‌లోకి దారి లేదు. అంతమంది కార్లూ ఒక్క గేటులోంచి బయటికొచ్చి, ఒకప్పుడు ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండ్లు తిరిగిన రోడ్డు మీద పడతాయి. జయనగర్‌లో ఒక రోడ్డు తవ్వితే పక్క క్రాసులోంచి పోతాం. మీకు ఉన్నది ఆ ఒక్క దారే.

ఇక డబ్బు సంగతి. డబ్బుంటే గోడ లోపల ఈత కొలను కూడా కట్టుకోవచ్చు. గోడ బయట రోడ్డు వెడల్పు మాత్రం ఏ ఒక్కరూ కొనుక్కునేది కాదు, అది అందరి తరఫున ఎవరో ఒకరు ముందే పక్కన పెట్టాలి.

మదనపల్లె_మాస్టారు
అమ్మాయి చక్కగా చెప్పింది. నేను జాగ్రఫీ పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ణి, ఇప్పుడు కొడుకు దగ్గర బనశంకరిలో ఉంటున్నా. ఊళ్ళు ఎలా పుడతాయి అన్న ముక్క నేను తీసుకుంటా.

ప్రతి ఊరికీ ఒక కారణం ఉంటుంది. చెరువు, దారులు కలిసే చోటు, సంత, కోట, గుడి, రేవు, తర్వాతి కాలంలో రైలు, ఫ్యాక్టరీ. మన గుంతకల్లు చూడండి, రైలు జంక్షన్ పడకపోతే ఆ ఎండలో అంత ఊరు లేచేదే కాదు. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయి కాలువలు పారాయి, తర్వాత రైళ్ళొచ్చాయి, దాంతో చుట్టుపక్కల పంటంతా వచ్చి చేరే చోటయింది. అయితే పుట్టించిన కారణం ఒక్కటే ఎల్లకాలం ఊరిని పెంచదు, కొత్త కారణాలు తోడవుతూ ఉండాలి. బెంగళూరుకి అదృష్టవశాత్తూ అవి వరసగా దొరికాయి. 1537లో కెంపేగౌడ కోట, పేట. 1809లో ఇంగ్లీషువాళ్ళ దండు. 1864లో జోలార్‌పేట నుంచి రైలు. 1940లో విమానాలు చేసే హెచ్‌ఏఎల్, స్వాతంత్ర్యం రాగానే టెలిఫోన్లు చేసే ఐటీఐ, ఆ తర్వాత యంత్రాలు చేసే హెచ్ఎంటీ, ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్. 1978 ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ సిటీ. ఆ ఫ్యాక్టరీల కోసం వచ్చిన ఇంజనీర్లు, కాలేజీలు ఇక్కడే ఉండబట్టి సాఫ్ట్‌వేరు కూడా ఇక్కడికే వచ్చింది. 1951లో దాదాపు 8 లక్షల జనం, 2011 లెక్కల్లో దాదాపు 85 లక్షలు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఒక గ్రామంలో జనం కనీసం 5,000 ఉండి, మగవాళ్ళలో ప్రధానంగా పనిచేసేవాళ్ళు 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉంటే జనాభా లెక్కలవాళ్ళు దాన్ని పట్టణం కింద రాసుకుంటారు. కానీ పాలన మాత్రం పంచాయతీ చేతిలోనే ఉండొచ్చు. అంటే జనం పట్టణపు బతుకు బతుకుతుంటారు, ఊరికి మాత్రం ఒక ఇంజనీరు, ఒక ప్లానరు, ఒక డ్రైనేజీ బడ్జెట్ ఉండవు. పట్టణంగా మారడానికీ, పట్టణపు పాలన రావడానికీ మధ్య పట్టే ఆ కాలంలోనే ఊళ్ళు చేయి దాటిపోతాయి.

హిందూపురం_బస్సు
మాస్టారూ మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా హిందూపురం చుట్టూ ఇదే జరుగుతాంది, చెరుకు, మల్బరీ ఉన్న చేన్లల్లో రాళ్ళు పాతి వెంచర్లు ఏస్తాండారు, రెండు వెంచర్ల మధ్య రోడ్డు కలవదు, ఒకడిది తూర్పుకి తిరిగితే ఇంకొకడిది ఉత్తరానికి. ఇల్లు లేచినాక అడిగేదానికి ఎవురూ ఉండరు. బెంగళూరు చూసైనా నేర్చుకోవాల కదా.

చిక్కపేట_మనవడు
మాది చిక్కపేటలో తాతలనాటి బట్టల కొట్టు, ఇంట్లో తెలుగు, కొట్లో కన్నడ. ప్లానింగ్ అంటే బోర్డులూ ఆఫీసులూ వచ్చాకే పుట్టిందన్నట్టు మాట్లాడుతున్నారు, పేట సంగతి కూడా చెప్పాలి.

మట్టికోట లోపల దొడ్డపేట, చిక్కపేట అని రెండు పెద్ద వీధులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఊరు అక్కణ్ణుంచి పరుచుకుంది. ఒక్కో సరుక్కి ఒక్కో పేట. అక్కిపేట బియ్యానికి, బళేపేట గాజులకి, అరళెపేట పత్తికి, గాణిగరపేట నూనె గానుగలకి. కింద కొట్టు, పైన ఇల్లు, వెనక గోడౌను. మీరిప్పుడు మిక్స్‌డ్ యూజ్ అని పెద్ద పేరు పెట్టి చెప్పేది మా వాళ్ళకి మామూలు బతుకు. సందు ఎంత సన్నం అంటే, నెత్తిన మూట పెట్టుకున్న హమాలీలు ఇద్దరు ఎదురుపడితే ఒకరు కొట్టు మెట్టెక్కి దారి ఇవ్వాలి. ఆ మెట్టు చూడండి ఎప్పుడైనా, మధ్యలో రాయి అరిగి గుంట పడి ఉంటుంది. కార్లకి పనికిరాని సందే, కానీ మనిషికి, మూటకి, బండికి సరిపోయేటట్టు కొలిచి వేసిన సందు, మధ్యాహ్నం కూడా నీడ ఉంటుంది.

మాస్టారు చెప్పిన ఇంగ్లీషువాళ్ళ దండు, అంటే కంటోన్మెంటు, పూర్తిగా వేరే ఊరు, దానికి వేరే మున్సిపాలిటీ. మధ్యలో 1870లో కబ్బన్ పార్కు వేశారు. ఈ రెండు ఊళ్ళనీ కలిపి ఒకే కార్పొరేషన్ చేసింది 1949లో. కంటోన్మెంటు వైపున్న ఎంజీ రోడ్డుకి, పేట వైపున్న కేఆర్ మార్కెట్టుకి ఇప్పటికీ పోలిక లేకపోవడానికి మూలం ఇదే, రెండూ రెండు వేరువేరు బుర్రల్లోంచి వచ్చిన ఊళ్ళు.

గీతలు_కొలతలు
అన్నా చాలా బాగా చెప్పారు. పేట నుంచి జనం బయటికి ఎందుకొచ్చారో కూడా చెప్తే కథ పూర్తవుతుంది. 1898లో ప్లేగు వచ్చింది. కిక్కిరిసిన సందుల్లో ఎలుకలు, చీకటి గదులు, మురుగు. మల్లేశ్వరం, బసవనగుడి లేఅవుట్లు ఆ 1890ల్లోనే గీసినవి, ప్లేగు దెబ్బకి జనం అక్కడికి కదిలారు. అందుకే వాటిలో తిన్నని రోడ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, గాలీ వెలుతురూ కనబడతాయి. ప్రపంచంలో చాలా చోట్ల టౌన్ ప్లానింగ్ ఇలా రోగాల భయంలోంచే గట్టిపడింది. ఇంటి చుట్టూ ఖాళీ వదలాలనే సెట్‌బ్యాక్ రూలు చూసి అందరం విసుక్కుంటాం, అది అలాంటి చావుల్లోంచి వచ్చిన రూలు.

మల్లేశ్వరంలో ఇళ్ళ వెనకాల సన్నటి సందులుంటాయి, కన్సర్వెన్సీ లేన్లు అంటారు. మరుగుదొడ్లు ఎత్తే మనుషులు ముందు వాకిట్లోకి రాకూడదని, వెనకనుంచే వచ్చి వెనకనుంచే పోవాలని గీసిన సందులు అవి. కులాన్ని కూడా నక్షాలో గీశారు. పాత లేఅవుట్ల అందం గురించి మాట్లాడినప్పుడల్లా ఇది కూడా చెప్పాలి అని నా పట్టుదల.

పైపులైను_పెద్దాయన
అందరూ రోడ్ల నుంచి మొదలుపెట్టారు. నా ఉద్యోగమంతా నీళ్ళ పైపులతో గడిచింది, కాబట్టి నేను వాలు నుంచి మొదలుపెడతా.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఒక గట్టు మీద ఉంది. పక్కన పెద్ద నది లేదు. పడమర పడ్డ వాన వృషభావతి లోయలోంచి అర్కావతికి, అటునుంచి కావేరికి పోతుంది. తూర్పున పడ్డది కోరమంగల–చల్లఘట్ట లోయలోంచి, హెబ్బాళ లోయలోంచి దక్షిణ పినాకినికి పోతుంది. నెల్లూరు బాబూ, మీ పెన్నానే ఉత్తర పినాకిని, ఈ దక్షిణ పినాకిని, రెండూ పుట్టేది నంది కొండల దగ్గరే.

నది లేని చోట పాతవాళ్ళు ఏం చేశారు? ప్రతి లోయలోనూ గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండితే అలుగు పారి కాలువలోంచి కింది చెరువుకి. ఆ కాలువలే రాజకాలువలు. ఊరు పెరిగేకొద్దీ చెరువు పూడ్చడం సులువైపోయింది, ఎందుకంటే అది ఒకే ముక్కగా దొరికే సర్కారు భూమి. ధర్మాంబుధి చెరువు ఉన్న చోట మెజెస్టిక్ బస్టాండు ఉంది, సంపంగి చెరువు ఉన్న చోట కంఠీరవ స్టేడియం ఉంది. చెరువు పోయినా వాలు ఎక్కడికీ పోదు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఉద్యోగాలకి ట్రాక్టర్లెక్కి వెళ్ళారే, ఆ నీళ్ళు కొత్తగా ఎక్కణ్ణుంచో రాలేదు, ఎప్పుడూ వెళ్ళే దారినే వెళ్ళాయి.

తాగే నీటి సంగతి చూడండి. 1890ల్లో హెసరఘట్ట చెరువు, 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం, అవి చాలక 1974లో కావేరి నీళ్ళ పథకం మొదటి దశ. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు 500 మీటర్ల ఎత్తుకి, మధ్యలో ఆగి ఆగి పంపులతో తోస్తే ఇక్కడ కొళాయి తిరుగుతుంది. 2007లో 7 నగరసభలు, ఒక పురసభ, 110 గ్రామాలు పాత కార్పొరేషన్‌లో కలిపి బీబీఎంపీ అనే పెద్ద కార్పొరేషన్ చేశారు కదా, ఆ 110 గ్రామాల కోసమని రోజుకి 77.5 కోట్ల లీటర్ల ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. మధ్యలో 17 ఏళ్ళు. ఆ 17 ఏళ్ళూ అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, బోర్లు వేస్తూనే ఉన్నారు.

నెల్లూరు_టు_సర్జాపుర
సార్, వర్షాకాలంలో మా బేస్‌మెంటులోకి నీళ్ళు ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైంది, మా వెనక గోడ పక్కనే ఒక కాలువ ఉంది, చెత్తతో నిండి ఉంటుంది, అది ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ. అక్కా, ఇంకొకటి, ఎఫ్‌ఏఆర్, జోనింగ్ అంటారు కదా, అవి కూడా చెప్తారా?

కొత్త_లెక్క
దానికి ముందు నేనో మాట అడ్డం పడతా, ఏమనుకోకండి. అందరూ బీడీఏ లేఅవుట్లని పొగుడుతున్నారు. ఆ సైట్లు ఎంతమందికి దొరికాయి? అప్లికేషన్ పెట్టి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసినవాళ్ళు మన అందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు. ఊరికి అవసరమైన దానిలో ప్లాను ప్రకారం వచ్చింది కొంచెమే, మిగతా జనం ఏం చేయాలి? రాయలసీమ నుంచి పనికొచ్చిన డ్రైవరు, కర్నూలు నుంచి వచ్చిన మేస్త్రీ, ఇళ్ళల్లో పనిచేసే ఆవిడ, వీళ్ళకి రెవెన్యూ సైట్లు, అంటే లేఅవుట్ అనుమతి లేకుండా పొలాలు కోసి అమ్మిన సైట్లు, గ్రామఠాణాలోని, అంటే పాత ఊరి ఇళ్ళ జాగాలోని ఒంటిగది ఇళ్ళు లేకపోతే ఈ సిటీలో నీడే లేదు. అనుమతులు సరిగ్గా లేని ఆస్తులని వేరే పుస్తకంలో రాస్తారు కాబట్టి బీ ఖాతా అని చులకనగా అంటాం గానీ, ఊరికి ఇల్లిచ్చింది అవే. రూల్సు ఎంత గట్టిగా బిగిస్తే రూల్సు బయట అన్ని ఇళ్ళు లేస్తాయి అని నా అభిప్రాయం. జయనగర్‌లో ఈ రోజు ఇల్లు కొనగలిగేది ఎవరు?

మహదేవపుర_గృహిణి
కొత్త లెక్క గారూ, నేను మీరు చెప్పిన అలాంటి చోటే ఉంటున్నా, వైట్‌ఫీల్డ్ దగ్గర పాత ఊరు, పక్కన పొలాల్లో వేసిన రెవెన్యూ లేఅవుట్. నీడ దొరికింది నిజమే, నేను కాదనను, మా ఆయన జీతానికి ఇంకెక్కడా సొంతిల్లు అయ్యేది కాదు. కానీ ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో కూడా వినండి.

మా రోడ్డు పత్రాల్లో ఇరవై అడుగులు. అటూ ఇటూ ప్రతి ఇంటివాళ్ళూ గేటు ముందు బండి ఎక్కడానికి ర్యాంపు కట్టారు, ఒక్కొక్కటి మూడడుగులు ముందుకొచ్చింది, ఒక మూల ట్రాన్స్‌ఫార్మరు, మిగిలిన దాంట్లో బైకులు. నీళ్ళ ట్యాంకరు తెల్లవారుజామున వెనక్కి రివర్సులో వస్తుంది, లోపలికి వచ్చి తిరగడానికి చోటు లేదు కాబట్టి. ఒకతను దిగి టార్చి పట్టుకుని ఇంకొంచెం ఇంకొంచెం అని అరుస్తుంటే వీధి వీధంతా లేస్తుంది. డ్రైనేజీ లైను ఇళ్ళన్నీ అయ్యాక వేశారు, రోడ్డు తవ్వి పూడ్చి పైన తారు, మళ్ళీ ఏదో పైపు, మళ్ళీ తారు. ఇప్పుడు రోడ్డు మా గడప కంటే ఎత్తు అయిపోయింది. వాన పడితే గడప దగ్గర ఇటుకలు పేర్చి సిమెంటు పూసిన చిన్న కట్ట ఉంది, దానిమీంచి దాటి పోతాం. మా అత్తగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదే ఆగింది, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం.

అందుకని నేను అడిగేది ఒకటే. చిన్న ఇల్లు, చవక ఇల్లు, మాకు ఏ బాధా లేదు. రోడ్డు ఇంకో పదడుగులు ముందే వదలడానికి ఆ రోజు ఎవరికి ఎంత ఖర్చయ్యేది?

పైపులైను_పెద్దాయన
అమ్మా, ఆ రోజు దాదాపు ఏమీ అయ్యేది కాదు. పొలంగా ఉన్నప్పుడు పదడుగులు వదలడం పొలం రేటు. ఇల్లు లేచాక అదే పదడుగులు గోడలు కొట్టి, పరిహారం కట్టి, కోర్టుల్లో తిరిగి తీసుకోవాలి. పైపు కూడా అంతే, ఖాళీ నేలలో వేసే లైను వేరు, కాపురాలున్న వీధిలో కరెంటు కేబుళ్ళ మధ్య వేసే లైను వేరు.

కొత్త_లెక్క
గృహిణి గారూ, మీరు రాసింది చదివాక నా మాట ఇంకొంచెం సరిగ్గా చెప్పాలనిపిస్తోంది. రూల్సు వద్దని కాదు నేననేది. ఇల్లు ఎంత సైజుండాలి, ఎన్ని అంతస్తులు, పార్కింగ్ ఎంత, ఇలా ప్రతిదాన్నీ పట్టుకుని, అసలైన రోడ్డు, కాలువలని వదిలేశారు అంటున్నా. తలకిందులుగా చేశారు.

గీతలు_కొలతలు
ఇప్పుడు మనిద్దరం ఒకే చోటికొచ్చాం. అందరికీ బీడీఏ తానే ఇల్లు కట్టి ఇవ్వాల్సిన పనిలేదు, ప్రతి సైటూ తానే కోసి ఇవ్వాల్సిన పని కూడా లేదు. ఊరు ఎటు పెరుగుతుందో ఆ పొలాల్లో పెద్ద రోడ్ల గీతలు, రాజకాలువల హద్దులు, పార్కు జాగాలు, ఇవి ముందే గీసి, నేలమీద రాయి పాతి, కాపాడితే చాలు. ఇళ్ళు జనం వాళ్ళ స్తోమత కొద్దీ కట్టుకుంటారు, పదేళ్ళు పట్టినా ఫర్వాలేదు.

దీనికి భూమి మొత్తం లాక్కోనక్కర్లేని పద్ధతి ఒకటుంది, టౌన్ ప్లానింగ్ స్కీము. 1915 నాటి బొంబాయి చట్టంలోనే ఉంది, గుజరాత్ వాళ్ళు ఇప్పటికీ బాగా వాడుతున్నారు. ఒక వంద మంది రైతుల భూములు కాగితం మీద కలిపేస్తారు, రోడ్లకీ పార్కులకీ పోగా మిగిలింది వంకరలు లేకుండా సరిచేసి, దాదాపు ఆ చుట్టుపక్కలే ఎవరి వాటా వాళ్ళకి తిరిగిస్తారు. ముక్క చిన్నదవుతుంది, రోడ్డు రావడంతో విలువ పెరుగుతుంది, రైతు ఊళ్ళోనే ఉంటాడు. 2015లో మన అమరావతిలో చేసిన ల్యాండ్ పూలింగ్ మూల సూత్రం ఇదే, 30 వేల ఎకరాల పైనే. ఆ తర్వాత రాజకీయాలు మారి పని ఆగినప్పుడు భూమిచ్చిన రైతులు పడ్డ బాధ కూడా మనకి తెలుసు. గీత గీసినవాళ్ళు మధ్యలో వదిలేస్తే పొలమూ ఉండదు, ఊరూ ఉండదు. అందుకే స్కీము ఒక్కటే చాలదు, దాన్ని పూర్తి చేసే నిలకడ కావాలి.

తమ్ముడు అడిగిన ఎఫ్‌ఏఆర్ కూడా చెప్పేస్తా. సైటు ఎంతుందో దానికి ఎన్ని రెట్లు, అంతస్తులన్నీ కలిపి, కట్టుకోవచ్చో చెప్పే లెక్క అది. థర్టీ ఫార్టీ సైటు అంటే 1,200 చదరపు అడుగులు, ఎఫ్‌ఏఆర్ 1.75 అయితే మొత్తం 2,100 అడుగులు. ముందున్న రోడ్డు వెడల్పయితే ఎఫ్‌ఏఆర్ ఎక్కువిస్తారు, ఎందుకంటే అక్కడ ఉండబోయే మనుషులు, వాళ్ళ బళ్ళు, నీళ్ళు, మురుగు అన్నీ ఆ రోడ్డే మోయాలి. ఇరవై అడుగుల సందులో అదే సైటు మీద ఐదంతస్తుల పీజీ లేపితే ఏమవుతుందో గృహిణి గారు చెప్పారు కదా. జోనింగ్ అంటే ఏ జాగాలో ఏ పని అని రంగులు వేయడం, పసుపు ఇళ్ళకి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమకి, పచ్చ పార్కులకి. దీన్ని మరీ విడదీయకూడదు, పేటలో కింద కొట్టు పైన ఇల్లు ఉంది కాబట్టే నడిచి బతికారు. ఇళ్ళన్నీ ఒక మూల, ఆఫీసులన్నీ ఇంకో మూల పెట్టాక రింగ్ రోడ్డు రోజూ నిండక ఏం చేస్తుంది.

చిక్కపేట_మనవడు
అక్కా, ఈ రంగుల మ్యాపు ఇప్పుడు ఎక్కడుంది? కొత్త మాస్టర్ ప్లాను వస్తుందని ఎన్నేళ్ళ నుంచో వింటున్నాం.

గీతలు_కొలతలు
2015 దాకా అని గీసి 2007లో అమల్లోకి తెచ్చిన ప్లాను ఒకటుంది. 2031 కోసమని కొత్త డ్రాఫ్టు 2017లో బయటికొచ్చింది, జనం అభ్యంతరాలు కూడా రాశారు, కానీ అది ఫైనల్ అవలేదు. అంటే ప్లాను పేరులో ఉన్న ఏడాది ఎప్పుడో దాటిపోయినా ఊరు ఆ పాత కాగితం మీదే నడిచింది. మా ఆఫీసులో రోజూ ఆ షీట్లే తెరుస్తాం, అందులో పొలంగా రంగు వేసిన చోట్లకి వెళ్తే బతికున్న వీధులు కనబడతాయి.

మదనపల్లె_మాస్టారు
దీనికి పరిష్కారం రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. 74వ సవరణ, 1992. పట్టణ ప్రణాళిక అనేది మున్సిపాలిటీల పని అని పన్నెండో షెడ్యూలులో మొట్టమొదటి అంశంగా పెట్టారు. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం మూడింట రెండొంతుల మంది ఎన్నికైనవాళ్ళే ఉండాలని రాజ్యాంగంలోని 243జెడ్‌ఈ అధికరణ చెబుతోంది. ఇక్కడేమో ప్లాను గీసే పని ఎన్నిక కాని సంస్థలో ఉంటూ వచ్చింది, 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు ముగిసిన తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు. 2025లో సిటీని ఐదు కార్పొరేషన్లు చేశారు. ఎన్ని ముక్కలు చేసినా, వీధిలో నీళ్ళు నిలిస్తే వెళ్ళి నిలదీయడానికి ఓటేసి గెలిపించుకున్న మనిషి కావాలి కదా.

మహదేవపుర_గృహిణి
మాస్టారు గారూ, నిలదీయడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా లేఅవుట్ కొన్నప్పుడు ఇచ్చిన బ్రోచర్‌లో మూలన పచ్చ రంగు వేసి పార్కు అని చూపించారు. ఇప్పుడు అక్కడ రేకుల షెడ్డు వేసి ఎవరో బళ్ళ పార్కింగ్‌కి అద్దెకిస్తున్నారు. మా వీధి ఆడవాళ్ళం కొందరం కలిసి అడిగితే అది ప్రైవేటు స్థలం పొమ్మన్నారు. మాలాంటివాళ్ళు ఇలాంటి వాటిలో గెలిచినట్టు ఎక్కడైనా ఉందా?

పైపులైను_పెద్దాయన
ఉందమ్మా, ఈ ఊళ్ళోనే ఉంది. రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన ఖాళీ జాగాని ఆస్పత్రి కట్టుకోవడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకి ఇచ్చారు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కోర్టుకెళ్ళారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ బి.ఎస్. ముద్దప్ప కేసు, 1991లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. పార్కుకి వదిలిన జాగా పార్కుకే ఉండాలని, అలా ఇవ్వడం చెల్లదని, అడిగే హక్కు ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళకి ఉందని చెప్పింది. ఆస్పత్రి మంచిదే కదా అన్న వాదన కూడా నిలబడలేదు. దేశమంతా పార్కుల కేసుల్లో ఈ తీర్పునే చూపిస్తారు.

గీతలు_కొలతలు
అయితే గృహిణి గారూ, ఒక తేడా ముందు తేల్చుకోవాలి. వాళ్ళది మంజూరైన లేఅవుట్. బీడీఏ పద్ధతిలో వేసిన లేఅవుట్లలో పార్కులు, ఖాళీ జాగాలకి 15 శాతం, స్కూలు ఆస్పత్రి లాంటి వాటికి 10 శాతం వదలాలి, ఆ జాగాకి చట్టం రక్షణ ఉంటుంది. రెవెన్యూ లేఅవుట్‌లో బ్రోచర్‌లో వేసిన పచ్చ రంగుకి అంతటి బలం ఉండదు. మీ లేఅవుట్ మొత్తం అనుమతి లేనిదా, లేక కొంత భాగానికి మంజూరు ఉందా అన్నది తెలియాలి. చాలాసార్లు కొనుక్కున్నవాళ్ళకే ఆ సంగతి తెలియదు.

మొదట మీ సేల్ డీడ్ తీసి సర్వే నంబరు చూడండి, షెడ్యూలులో తూర్పు పడమర హద్దులు రాసే చోట పార్కు అనో రోడ్డు అనో ఉందేమో చూడండి, మీ వీధిలో ఆ మూల ఇంటివాళ్ళ డీడ్ ఇంకా ముఖ్యం, వాళ్ళ హద్దుగా పార్కు అని రాసుంటే అది మీ చేతిలో ఉన్న మంచి కాగితం. కర్ణాటక సర్కారు వాళ్ళ దిశాంక్ యాప్‌లో ఆ మూల నిలబడి చూస్తే ఏ సర్వే నంబరో తెలుస్తుంది, సాగుకి పనికిరాదని రికార్డుల్లో రాసిన ఖరాబు భూమో కాలువో అయితే కూడా బయటపడుతుంది.

మహదేవపుర_గృహిణి
మూలింటి ఆవిడ డీడ్‌లో ఉత్తరానికి పార్కు అనే ఉంది అక్కా, ఇప్పుడే ఫోన్ చేసి చదివించుకున్నా. తర్వాత ఏం చేయాలి?

గీతలు_కొలతలు
చాలా మంచిది, దాన్ని జిరాక్సు తీసి పెట్టుకోండి. ఇప్పుడు ఆర్‌టీఐ వేయండి, పది రూపాయల ఫీజు. కర్ణాటకలో ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి, కాబట్టి కథంతా రాయొద్దు. సర్వే నంబరు, ఊరు, హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ళ గుంపు), తాలూకా రాసి, ఈ సర్వే నంబరులో మంజూరైన లేఅవుట్ నక్షా సర్టిఫైడ్ కాపీ, పార్కు రోడ్లని అప్పగిస్తూ రాసిన రిలింక్విష్‌మెంట్ డీడ్ కాపీ ఇవ్వమని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అలాంటి నక్షా లేదని జవాబొచ్చినా పారేయకండి, అదీ ఒక ఆధారమే, అప్పుడు దారి వేరే ఉంటుంది, లాయర్ని కలవాలి. అర్జీ మీ ఒక్కరి పేరుతో కాకుండా వీధిలో నలుగురైదుగురు విడివిడిగా వేయండి, ఒక్కరి మీద ఒత్తిడి పడదు. డ్రాఫ్టు కన్నడలో ఉంటే మంచిది, చిక్కపేట అన్న రాసిస్తారు అనుకుంటా.

చిక్కపేట_మనవడు
తప్పకుండా. అమ్మా, సర్వే నంబరు, ఊరి పేరు, హోబళి నాకు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ అందరిముందూ పెట్టకండి. రేపు మధ్యాహ్నం కొట్లో బేరాలు తక్కువగా ఉండే టైములో రాసి పంపిస్తా.